మా లైన్ల ఉప్పు దొంగ

సిస్టరమ్మ పోయిందన్న మాట నాకు మొదట వర్క్‌షాపు గేటు దగ్గర చెవిన పడింది. చెప్పినవాడు టైమాఫీసు గుమాస్తా. "మన డిస్పెన్సరీలో బీపీ చూసే సిస్టరు ఉండె చూడు, ఆయమ్మ బీపీతోనే పోయిందంట" అన్నాడు. అని, అదేదో పెద్ద తమాషా అయినట్టు నవ్వాడు.

నేను నమ్మలేదు. చావును నమ్మలేదని కాదు. ఆమె రిటైరై కామసముద్రంలో తమ్ముడి ఇంట్లో ఉందనీ, కొన్నాళ్లుగా మంచం పట్టిందనీ మాకు తెలుసు. నేను నమ్మనిది ఆ 'బీపీతోనే' అన్న ముక్కని. మా ఊళ్లో ఏ వార్తా ఒంటరిగా రాదు. దాని వెనకాల ఒక వెటకారమో, ఎవరికో పనికొచ్చే ఒక అబద్ధమో నడిచి వస్తుంది.

"నీకెవరు చెప్పినారు?" అని అడిగాను.

"అందరూ అంటా ఉండారు."

"అందరూ అంటే ఎవరప్పా? ఒక్క పేరు చెప్పు."

"నీతో ఏం మాట్లాడేదిరా సామీ! సచ్చినోళ్ల మింద కూడా ఎంక్వయిరీనా?"

అవును, ఎంక్వయిరీనే. ఆ మధ్యాహ్నమే మా నాయనతో కలిసి కామసముద్రం బస్సెక్కాను. ఆమె తమ్ముణ్ణి పక్కకు పిలిచి అడిగాను. కడుపులో గడ్డ, ఆపరేషన్‌కు లొంగలేదు అన్నాడు. బీపీ సంగతి అడిగితే నన్ను వింతగా చూసి, "అదేం లేదప్పా, మంచంలో ఉండి కూడా బీపీ మాత్ర తప్పకుండా అడిగి మింగేది" అన్నాడు.

ఇది చదివే మీకు ముందు ఈ సంగతి తెలియాలి. ఎందుకంటే గుమాస్తా అన్న మాట అప్పటికే మా లైన్లలో, గనివాళ్లం ఉండే ఈ వరస ఇళ్లలో, తిరగడం మొదలైంది. "చూసే ఆయమ్మకే దిక్కు లేదు, ఇంగ మనకెందుకబ్బా ఈ మాత్రలు" అని డబ్బీ మూసి గూట్లో పెట్టేసినవాళ్లు నాకు తెలుసు. ఆమె బతుకంతా పెట్టి మా చేత మింగించిన మాత్రను, ఆమె చావును సాకు చేసుకుని మానేస్తున్నారు. నాకు ఒళ్లు మండేది అందుకు. ఇది రాసేదీ అందుకే.

మా బంగారు గని సర్కారుదైన తర్వాత మాకు చెప్పిన మాట ఒకటే: ఇంగ ఈ గని మీదే. మాదే అయితే బంగళాల్లో వేరేవాళ్లు ఎందుకున్నారని మా నాయన తరం అడగలేదు, మా తరం అడిగింది. జవాబు రాలేదు. అప్పట్నుంచి లైన్లలోకి ఉచితంగా ఏదొచ్చినా దాని తోక ఎక్కడుందో వెతకడం మాకు అలవాటైంది. దోమల మందు కొట్టేవాళ్లు వస్తే, ఇళ్లు ఖాళీ చేయించడానికి కొలతలు తీసుకుంటున్నారేమో అనుకునేవాళ్లం. బంగారం తగ్గింది, మనుషులు ఎక్కువయ్యారు అన్న మాటలు గాలిలో ఉన్న అలాంటి రోజుల్లోనే సిస్టరమ్మ మా పక్క డిస్పెన్సరీకి మారి వచ్చింది. చంకలో ఒక నల్ల పెట్టె. పొట్టి మనిషి, గట్టి గొంతు. బంగారం తీసేశాక పారబోసిన సైనైడ్ మట్టి దిబ్బల మీంచి లేచే దుమ్ముకు ఆమె తెల్లచీర సాయంత్రానికి బూడిదరంగుకు తిరిగేది.

అప్పుడు మా నాయన భూమి లోపల డ్రిల్లర్. నేను వర్క్‌షాపులో కొత్తగా చేరాను. డిస్పెన్సరీ వరండాలో ఆమె మొదటిసారి మా నాయన చెయ్యి పట్టుకున్న రోజు నేను అక్కడే ఉన్నాను.

"నీకు ప్రెషర్ ఉండాదప్పా" అంది.

మా నాయన ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. "ఏ లెవల్లో సిస్టరమ్మా?"

గనిలో ప్రెషర్ అంటే రాతి ఒత్తిడి. లోతున రాయి మీద రాయి బరువెక్కి, ఉన్నట్టుండి పేలి మనుషుల మీద పడుతుంది. లోపల పని చేసేవాడు ఎవడైనా ఆ మాట వింటే అడిగేది అదొక్కటే, ఏ లెవల్లో, ఎంత లోతు అంతస్తులో అని. వరండా అంతా నవ్వింది. ఆమె కూడా నవ్వి, "నీ లెవల్లోనేప్పా. నీ రక్తంలో" అంది.

"నాకు తలకాయనొప్పి కూడా లేదే!"

"లేకపోవచ్చు."

"కండ్లు తిరగవు, అన్నం సయిస్తాది, నిద్ర వస్తాది. ఇంగ రోగం యాడుండాది?"

"అదే దీని దొంగబుద్ధి. రాయి పగిలేముందు సన్నగా చిటపటమంటాది అంటారే మీరు, ఇది అది కూడా అనదు. అనేసరికి అయిపోతాది."

నొప్పి లేని రోగం! మీరే చెప్పండి, మనుషుల్ని ఇంటికి పంపాలని చూస్తున్నారన్న పుకారు ఉన్న చోట, నొప్పి లేని రోగం ఉందంటే ఎవరు నమ్ముతారు? లోపల పనికి పనికిరాడు అని ఒక్క ముక్క రాస్తే చాలు, ముప్పై ఏళ్లు రాయి తొలిచిన డ్రిల్లరు చెయ్యి ఎండుకట్టె. నేను ముందుకెళ్లి అడిగాను: "ఈ నంబరు ఎవరికి పోతాది?"

"డాక్టరుకు."

"ఆడినించి?"

ఆమె గొట్టం చెవుల్లోంచి తీసి మెడలో వేసుకుంది. "ఆడినించి యాడికి పోతాదో నాకు తెలీదు నాయనా. పోదని నీకు ఒట్టేసి చెప్పలేను. అడగాల్సినోళ్లను నువ్వే అడుగు. నేను మాత్రం ఉండేదానికంటే తక్కువ చెప్పను, ఎక్కువా చెప్పను."

మోసం చేయదలుచుకున్న మనిషైతే అక్కడ 'అంతా మీ మంచికే' అనేది. ఆమె అనలేదు. అందుకని నమ్మానా? లేదు. తియ్యగా మాట్లాడేవాళ్లకంటే ఇలా మాట్లాడేవాళ్లు మరీ ప్రమాదం అనుకున్నాను. ఆ రోజు నుంచి ఆమె మీద ఒక కన్ను వేసి ఉంచాను.

కన్ను వేసి ఉంచితే కనబడింది ఇది. మొదటిసారి ఎక్కువ వచ్చినంత మాత్రాన ఆమె ఎవరి మీదా ముద్ర వేసేది కాదు. ఇంకో రోజు రమ్మనేది, మళ్లీ ఇంకో రోజు. రానివాళ్ల ఇంటికి తనే వచ్చేది. వచ్చి వెంటనే పెట్టె తెరిచేది కాదు. గడప మీద కూర్చుని మా అమ్మతో రాగుల ధర మాట్లాడేది, నీళ్లు తాగేది. మనిషిని గోడకు ఆనించి కూర్చోబెట్టి, కాళ్లు నేల మీద ఆనించమనేది. బీడీ అప్పుడే ఆర్పి ఉంటే, కాఫీ అప్పుడే తాగి ఉంటే, కాసేపు ఆగమనేది. రెండు చేతులకూ చూసేది. ఆ గడియ సేపు ఎవ్వరూ మాట్లాడకూడదు. మా నాయనకు ఆ మౌనం మీదే పెద్ద అనుమానం.

"మాట్లాడితే ఏమవుతాది?"

"పెరుగుతాది. సుమ్మనే కూర్చో."

"నిన్ను చూస్తేనే పెరుగుతాది నాకు."

"అందుకే కదప్పా ఇంతసేపు కూర్చునేది. నా మింద ఉండే భయమూ కోపమూ దిగినాక, మిగిలిందే నీది."

ఈ మాటను నేను మర్చిపోలేదు. నా మీద ఉన్న కోపం దిగాక మిగిలిందే నీది. మా మీద పెత్తనం చేసినవాళ్లెవరూ మా కోపాన్ని లెక్కలోంచి తీసి చూడాలనుకోలేదు.

కోపం తీసేశాక కూడా మా నాయనకు చాలానే మిగిలింది. డాక్టరు మాత్రలు రాశాడు. కొన్నాళ్లకు మేము భయపడ్డదే అయింది. లోపల పని వద్దని చెప్పి, మా నాయనను పైన దీపాల గదిలో వేశారు. కిందికి దిగేవాళ్లకు తలదీపం అందించడం, పైకొచ్చినవాళ్ల దగ్గర తీసుకోవడం. తన జోడుగాళ్లు కిందికి దించే కేజ్ ఎక్కుతుంటే కిటికీలోంచి దీపం చేతికిచ్చి పంపడం. ఆ మనిషి ఆ సంవత్సరం ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. పక్కింటి మేస్త్రి, మాకు వరసకు మామ, రోజూ సాయంత్రం వచ్చి ఆ పుండును గెలికేవాడు: "చెప్తినా లేదా బావా? నొప్పి లేని రోగం అంటే అది దొరలు పుట్టించిన రోగమే. నేనైతే ఆయమ్మకు చెయ్యి కూడా అందీను." నేనూ ఆ మాటే అనుకున్నాను. వీధిలో అన్నాను కూడా.

సిస్టరమ్మ మాత్రం మా ఇంటికి రావడం మానలేదు. ఎందుకంటే ఒక చిక్కు వచ్చి పడింది. మాత్రలు మింగుతున్నా మా నాయన ప్రెషర్ దిగడం లేదు.

అప్పుడు మా ఇంట్లో అనుమానాల జాతర. డాక్టరుకు మా నాయన మీద అనుమానం, మాత్రలు పారేస్తున్నాడని. మా నాయనకు మాత్రల మీద అనుమానం, అవి పని తీసేయడానికి ఇచ్చిన సున్నపు బిళ్లలని. నేను ఒకటి విరిచి నాలుక మీద పెట్టుకుని చూశాను, ఏమీ తేలలేదు. మా అమ్మకు ఇరుగుపొరుగు కళ్ల మీద అనుమానం, మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసింది. సిస్టరమ్మకూ అనుమానం ఉంది. కానీ ఆమె ఎవరినీ దొంగ అనలేదు. "నీ అన్నం చూడాలప్పా" అంది. ఆదివారం మధ్యాహ్నం సరిగ్గా తిండి వేళకు వచ్చి కూర్చుంది.

మా అమ్మ కంగారుపడింది. "నా బిడ్డల మీద ఒట్టు సిస్టరమ్మా! ఊరగాయ జాడీ అటక మీద పెట్టేసినాను. చారులో ఉప్పు నువ్వు చెప్పినంతే."

"నిన్నేమీ అన్లేదు కదమ్మా. నువ్వు వడ్డించు, నేను చూస్తాను."

మా నాయన ముద్ద తుంచి చారులో అద్దాడు, మింగాడు. రెండో ముద్ద. ఆమె పళ్లెం వైపు చూడడం లేదు, ఆయన ఎడమచేతి వైపు చూస్తోంది. ఉన్నట్టుండి అడిగింది: "అప్పా, ఆ ముడిలో ఏముండాది?"

"ఏ ముడి?"

"నీ తుండుగుడ్డ కొసన."

మా నాయన కిందికి చూసుకున్నాడు. ఆయన ఎడమచేతి వేళ్లు భుజం మీది తుండుగుడ్డ కొసలో ఉన్న ముడిలోకి దూరి ఉన్నాయి. అప్పుడే నోట్లో పెట్టుకుని తీసిన వేళ్లు. ఆయనకు ఆ సంగతే తెలియదు. ఒళ్లు గోక్కున్నట్టు, ఈగను తోలుకున్నట్టు, చెయ్యి దాని మానాన అది పోయి వచ్చింది.

మా లైన్లు చూడనివాళ్లకు చెప్పాలి. లోతుకు పోయేకొద్దీ గనిలో కుతకుత ఉడుకు. షిఫ్టు సగం కాకముందే ఒంట్లో ఉప్పంతా చెమటై కారిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి. అందుకే లోపలికి దిగే ప్రతివాడూ తుండుగుడ్డ కొసన రాళ్లుప్పు ముడి కట్టుకుని, మధ్య మధ్య నాలుకకు రాసుకునేవాడు. కొత్తగా చేరినవాడికి పాతవాడు నేర్పే మొదటి పాఠం అది. ఇంట్లో ఆడవాళ్లు క్యారియరు చేతికిచ్చేటప్పుడే ఆ ముడి కట్టి ఇచ్చేవాళ్లు. మా నాయన పైకొచ్చి ఏడాది దాటింది. దీపాల గదిలో ఫ్యాను కింద కూర్చుంటున్నాడు. మా అమ్మ రోజూ పొద్దున ముడి కట్టి ఇస్తూనే ఉంది, ఆయన రోజంతా నాకుతూనే ఉన్నాడు. ఇల్లంతా అనుమానంతో కళ్లు చించుకుని చూస్తున్నాం కదా, మా కళ్ల ముందు వేలాడే ముడి ఒక్కరికీ కనబడలేదు. అది కనబడడానికి బయటి మనిషి రావలసి వచ్చింది.

మా అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో, నేనే కడతా ఉండానే!"

సిస్టరమ్మ గట్టిగా ఏమీ అనలేదు. "పైకొచ్చినోడికి కింది ఉప్పు ఎందుకప్పా?" అంది, అంతే. చెయ్యి చాపి ఆ ముడి విప్పి, ఉప్పును తన చేతిరుమాలులో దులుపుకుంది.

మా నాయనకు రోషం ముంచుకొచ్చింది. ఆ ఉప్పు ఆయనకు ఉప్పు కాదు. లోపలివాణ్ణి అని చెప్పుకోవడానికి ఆయన ఒంటి మీద మిగిలింది అదొక్కటే. "నా పని తీసేస్తివి, ఇంగ నా ఉప్పు కూడా ఎత్తుకుపోతావా? ఉప్పు దొంగా!"

"దొంగనే. కావాలంటే పోలీసోళ్లకు చెప్పుకో పో" అని ఆమె చెప్పులు వేసుకుంది. నవ్వడం లేదు, కోపమూ లేదు. ఇంకో రెండు గడపలు దాటేసరికి పిల్లలు వెనకాల పడ్డారు, "ఉప్పు దొంగమ్మా, ఉప్పు దొంగమ్మా" అని.

ఆ పేరు ఆమెకు నిలిచిపోయింది. దాన్ని ఆమె వాడుకుంది కూడా. లోపలి పని మానేసి పైకొచ్చినవాళ్ల ఇళ్లకు, రిటైరైనవాళ్ల ఇళ్లకు వెళ్లి, గడప బయట్నుంచే "ఉప్పు దొంగ వచ్చినాది, ముడి చూపించప్పా" అనేది. ముసలాళ్లు తిట్టుకుంటూ తుండుగుడ్డ చాపేవాళ్లు. ఇంకా లోపలికి దిగేవాళ్ల ముడి జోలికి మాత్రం పోలేదు. చెమటోడ్చేవాడి లెక్క వేరే, వాడి సంగతి డాక్టరే చూడాలి అనేది.

మా నాయన ప్రెషర్ మెల్లగా దిగింది. దిగగానే ఆయన మాత్రలు ఆపేశాడు, బాగైపోయింది కదా అని. అప్పుడు చూడాలి ఆమె కోపం.

"లోపల రాయి పడకుండా దుంగలు నిలబెడతారా లేదా మీరు?"

"నిలబెడతాం."

"రాయి పడకుండా నిల్చినాది కదా అని ఎప్పుడన్నా దుంగ పీకేస్తివా?"

మా నాయన తల గోక్కున్నాడు. "పీకితే బతుకుతామా సిస్టరమ్మా?"

"మరి మాత్ర ఎందుకు పీకేస్తివి?"

డాక్టరు చెప్పిన పొడుగాటి మాటలు తలకెక్కని మనిషికి ఈ దుంగ ఎక్కింది. ఇప్పటికీ మా ఇంట్లో మాత్రను దుంగ అనే అంటాం. "నాయనా, దుంగ వేసుకున్నావా?"

చెయ్యి అందీనన్న పక్కింటి మామ మాట నిలబెట్టుకున్నాడు. చెయ్యి ఇవ్వలేదు. ఒక పొద్దున కొళాయి దగ్గర బిందె ఎత్తబోయి పక్కకు ఒరిగాడు. మూతి వంకర పోయింది, మాట పోయింది. అత్త సోడా కొట్టించుకుని పరుగున వచ్చి నోట్లో పోయబోతే, డిస్పెన్సరీ నుంచి వచ్చిన సిస్టరమ్మ ఆ సీసాను లాగి పారేసింది. "మింగలేడమ్మా, ఊపిరిలోకి పోతాది!" మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద తన చెయ్యే పెట్టి, బండి వచ్చేదాకా అలాగే కూర్చుంది. మామ బతికాడు. ఆ తర్వాత ఆమె వాళ్లింటికి రాని రోజు లేదు. పుండ్లు పడకుండా ఒళ్లు ఎలా తిప్పాలో, పడిపోయిన చేతిని ఎలా ఆడించాలో, కూర్చోబెట్టి గంజి ఎలా మింగించాలో అత్తకు చేసి చూపించేది. లైన్లలో ఆమెను అందరికంటే ఎక్కువ తిట్టింది ఆయనే. మాట పూర్తిగా తిరిగి రాలేదు. ఆమె గడపలోకి రాగానే మామ బాగున్న చేత్తో తుండుగుడ్డ కొస పైకెత్తి చూపించేవాడు, ఖాళీ అని. ఆయన వేయగలిగిన ఒకే ఒక్క జోకు అది. ఆమె ప్రతిసారీ నవ్వేది.

నేను అడగాల్సినోళ్లను అడిగాను. ఆ నంబర్లు యాడికి పోయాయని టైమాఫీసులో అడిగాను, యూనియన్లో అడిగాను. ఏమీ తేలలేదు. తేలలేదంటే ఏమీ లేదని నేను ఒప్పుకోను. ఇప్పటికీ నాకు చాలామంది మీద అనుమానం ఉంది. ఆమె చెప్పిన ఆ రెండు మాటల మీద మాత్రం లేదు, తక్కువ చెప్పను, ఎక్కువా చెప్పను.

ఆమె రిటైరై పోయాక ఒక్కోచోట మనిషిని నిలబెట్టి, చొక్కా చెయ్యి మీదే పట్టీ చుట్టి, మాటలాడుతూ కొలవడం చూస్తున్నాను. ఆ కొలతను నేను నమ్మను. కుర్చీ వెయ్యమని గొడవ పెట్టుకుంటాను. మీరూ పెట్టుకోండి.

ఇంక కామసముద్రం సంగతి. మా లైన్ల నుంచి బస్సులో సగం మంది మావాళ్లే. పాత డ్రిల్లర్లు, ట్రాలీ తోసినవాళ్లు, దీపాల గదివాళ్లు. సిస్టరమ్మవాళ్ల ఆచారంలో పూడ్చిపెడతారు. గుంటలో దించి, ఒంటి చుట్టూ ఉప్పు పోసి, ఆ పైన మట్టి ఇస్తారు. తమ్ముడు ఉప్పు గంప పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చాడు. ఊరివాళ్లు పిడికిళ్లతో తీసుకుని చల్లారు. మావాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఒక్క చెయ్యీ ముందుకు రాలేదు. ముసలాళ్లందరూ చేతులు వెనక్కి పెట్టుకుని, బడిలో తప్పు చేసిన పిల్లల్లా నిలబడ్డారు.

తమ్ముడు మమ్మల్ని అనుమానంగా చూశాడు. "ఏమప్పా, మీ గనోళ్లలో ఈ పద్ధతి లేదా? మా అక్క మింద ఏమన్నా కోపమా?"

"కోపం కాదు సామీ" అన్నాడు మా నాయన. "ఆయమ్మ మా దగ్గర లాక్కున్న ఉప్పు ఇది. తిరిగి ఆయమ్మకే పోస్తే... తిడతాది."

వెనకాల ఎవరో నవ్వారు. నవ్వుతూనే ఏడ్చారు. తమ్ముడికి ఏమీ అర్థం కాలేదు. అయినా గంపలోంచి ఒక పిడికెడు తీసి మా నాయన చేతిలో పెట్టి ముందుకు పోయాడు. మా నాయన ఎడమచేతిలో ఉప్పు పట్టుకుని, వంగి కుడిచేత్తో మట్టి ఇచ్చాడు. పక్కకు వచ్చి తుండుగుడ్డ కొసలో ఆ ఉప్పు పోసి ముడి వేసుకున్నాడు. ఎన్నాళ్లుగానో కట్టని ముడి, వేళ్లకు గుర్తుంది.

తిరుగుబస్సులో దారి పొడుగునా నేను ఆయన చెయ్యినే చూస్తూ కూర్చున్నాను, ఎప్పుడు ముడి వైపు పోతుందా అని. ఆయనకు తెలిసిపోయింది. "నన్నేం చూస్తావురా, కిటికీలోంచి చూడు" అన్నాడు.

ఇంటికొచ్చి ఆ తుండుగుడ్డను మేకుకు తగిలించి, దీపాల గదికి వేరేది వేసుకుపోతున్నాడు. పొద్దున దుంగ వేసుకునేటప్పుడు ఒకసారి దాని వైపు చూస్తాడు. మా అమ్మ దాన్ని ఉతకదు, ముడి విప్పదు. ముసురు పట్టిన రోజుల్లో ఆ కొస చెమ్మ తాగి బరువెక్కుతుంది. దాని కిందుగా గోడ మీద ఒక తెల్లటి చార సన్నగా దిగుతోంది.